తుడిచినవన్నీ దాచిన పంక్తి

నేను ఒక పంక్తిని. లెక్కపెడితే నూరు అక్షరాలు కూడా ఉండను. ఒళ్లు లేదు, బరువు లేదు, పట్టుకుందామంటే చేతికి చిక్కను. కర్నూలులో ఒక భాషా పరిశోధన కేంద్రం ఉంది. పేరు చెప్పను లెండి, చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. ఆ కేంద్రం వెనక గదిలో బీరువా అంత ఎత్తున, రోజంతా గుర్రుమంటూ ఉండే ఒక సర్వర్ కడుపులో పదకొండేళ్లు కాపురం చేశాను.

నా జాతిని కంప్యూటర్ వాళ్లు అలియాస్ అంటారు. మారుపేరన్నమాట. మీరు ఒక మాట టైప్ చేస్తారు. మధ్యలో నేను దాన్ని అందుకుని, దాని బదులు ఇంకో పని చేయిస్తాను. ఆ సంగతి మీకు తెలియదు. తెలియకుండా చేయడమే నా ఉద్యోగం.

నేను అందుకునే మాట రెండక్షరాలది. ఆర్‌ఎం. తుడిచెయ్ అని దానర్థం. సర్వర్‌తో ఆ మాట అన్నారంటే అది ‘నిజంగానా?’ అని అడగదు, రెండ్రోజులు అట్టే పెట్టి చూద్దాం అనుకోదు. ఉన్నది లేకుండా పోతుంది, అంతే. ఇంత పదునైన మాట మనుషుల చేతికి ఎవరిచ్చారో గానీ, ఆ మహానుభావుడికి మనుషుల సంగతి బొత్తిగా తెలియదు. మనుషులు ఒక చేత్తో టీ తాగుతూ, ఇంకో చేత్తో ఫోన్ చూస్తూ, మిగిలిన చేత్తో ఆర్‌ఎం కొడతారు. మూడు చేతులెక్కడివని అడక్కండి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

నన్ను పుట్టించినవాడు పురుషోత్తం గారు. ఆ కేంద్రంలో సర్వర్ చూసుకునే ఉద్యోగి. అక్కడి పండితులు పల్లెలు తిరిగి, వయసు మళ్లినవాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చేవారు. ఆ గొంతులన్నీ మా సర్వర్‌లో ఉండేవి. ఒకరోజు మధ్యాహ్నం పురుషోత్తం గారు క్యారియర్ విప్పుకుని, కుడిచేత్తో పెరుగన్నం కలుపుకుంటూ, ఎడమచేత్తో ఏవో పాత ఫైళ్లు తుడిచారు. తుడవాల్సిన ఫోల్డర్ ఒకటైతే తుడిచింది ఇంకొకటి. ఆస్పరి దగ్గరి పల్లెలో ఒక అవ్వ, వాన ఎన్ని తీర్లుగా కురుస్తుందో, ఒక్కో తీరుకు ఏం పేరో మూడు గంటలసేపు చెప్పిన మాటలు అవి. రికార్డర్‌లోని కార్డు మీద అప్పటికే వేరే ఊరి మాటలెక్కాయి. ఆయన కలిపిన అన్నం అలాగే మూతపెట్టేశారు. పండితులు వచ్చి అడిగితే, ‘డిస్కు చెడిపోయింది’ అన్నారు. డిస్కుకు నోరు లేదు కదా, పడింది ఆ నింద. వాళ్లు మళ్లీ రికార్డు చేద్దామని ఉగాది దాటాక వెళితే అవ్వ లేదు. పోయి పదిహేను రోజులైందట.

ఆ కబురు విన్న రోజే ఆయన నన్ను రాశారు. ఇకమీదట ఎవరు ఆర్‌ఎం కొట్టినా ఆ ఫైలు పోకుండా, ఎవరికీ కనిపించని ఒక ఫోల్డర్‌లోకి జరిగిపోవాలి. ఆ ఫోల్డర్‌ను నేను బుట్ట అంటాను. దానికి ఆయన పెట్టిన అసలు పేరు వేరే ఉంది, సమయం వచ్చినప్పుడు చెబుతాను.

ఎక్కడ రాశారన్నది ముఖ్యం, గుర్తుంచుకోండి. మనం ఎవరమూ రాయకుండానే, సర్వర్‌తో పాటు పుట్టుకతో వచ్చే అలియాస్‌లు కొన్ని ఉంటాయి. ఎల్‌ఎల్ అని ఒకటుంది. ఆ రెండక్షరాలు కొడితే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వివరంగా వరసపెట్టి చూపిస్తుంది. రోజుకు వందసార్లు వాడతారు గానీ, అది ఎక్కణ్ణుంచి వస్తోందని ఒక్కరూ అడగరు. ఆ ఎల్‌ఎల్ ఉండే ఫైలు చివర, ఒక ఖాళీ వదిలి, నన్ను కూర్చోబెట్టారు. సర్వర్‌లోకి ఎవరు అడుగుపెట్టినా ఆ ఫైలు చదివించుకునే లోపలికొస్తారు. నన్ను తగిలించుకునే వస్తారు. సర్వర్ మొత్తానికి పెత్తనం చేసే ఖాతా ఒకటుంటుంది, రూట్ అంటారు. దాని జోలికి మాత్రం నన్ను పోవద్దన్నారు. నిజంగా తుడిచే అధికారం ఎవరో ఒకరికి ఉండాలి కదా.

ఈ వృత్తిలో ఒక మర్యాద ఉంది. ఏది రాసినా దానిమీద, యంత్రం పట్టించుకోని గుర్తొకటి పెట్టి, ఇది ఎందుకు రాశానో రెండు ముక్కలు రాసి పెడతారు. తర్వాత వచ్చే మనిషి కోసం. ఫ్యాను దుమ్ము దులిపిన తేదీ కూడా రాసిపెట్టే పురుషోత్తం గారు, నా మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

ఎందుకు రాయలేదో నాకు తెలుసనుకున్నాను. అప్పట్నుంచి ఆయన గదికి జనం రావడం మొదలైంది. ‘సార్, తప్పు నొక్కినాను, ఎట్లనన్నా తెచ్చియ్యండి సార్’ అంటూ నాలుక కరుచుకుని వచ్చేవారు. ఆయన తల పంకించి, ‘సాయంత్రం రాండి, చూస్తా’ అనేవారు. బుట్టలోంచి తీయడానికి రెండు నిమిషాలు చాలు. కానీ సాయంత్రం దాకా ఆగి, అప్పుడిచ్చేవారు. వాళ్లు ఆనందం పట్టలేక మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు. సార్ చెయ్యి మంచిదని కేంద్రమంతా పేరు. ఓహో, ఈ పెద్దమనిషికి నలుగురూ వచ్చి బతిమాలితే గానీ పొద్దుపోదు, అందుకే నన్ను గుట్టుగా ఉంచాడు అనుకున్నాను. బజ్జీలు ఆయనకు, చాకిరీ నాకు. ఉడుక్కున్న మాట నిజమే.

ఎనిమిది నెలల కిందట ఆయన రిటైరయ్యారు. శాలువా కప్పారు, ఫోటో దిగారు. పోయిన ఫైళ్లు ఎలా తెచ్చేవారని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆదోనిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ కుర్చీలోకి రిజ్వానా వచ్చింది. నంద్యాల అమ్మాయి, ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఏడాది కాంట్రాక్టు మీద తీసుకున్నారు. పని తెలిసిన పిల్ల. తెలిసినది కాబట్టే, ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లు వచ్చి అడిగితే ఉన్నమాటే చెప్పేది. ‘ఆర్‌ఎం కొడితే పోయినట్లే సార్. దాన్ని ఎవరూ తేలేరు.’ వాళ్లు మొహం ముడుచుకుని, ‘పురుషోత్తం సార్ తెచ్చిచ్చేటోడు’ అని గొణుగుతూ పోయేవారు. మూడోసారి అలా అయినప్పుడు ఆమె సర్వర్ గదిలోకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. నాకు చెప్పలేనంత బాధేసింది. అన్నీ ఉన్నాయి తల్లీ, ఇదిగో, ఇక్కడే దాచాను అని అరుద్దామంటే నాకు గొంతెక్కడిది?

ఈ మధ్య కొత్త సర్వర్ వచ్చింది. పాతదాన్ని తుక్కు లారీకి ఎక్కించాలని ఆర్డరైంది. రిజ్వానా గొంతులన్నిటినీ కొత్తదాంట్లోకి నకలు తీసి, అటూ ఇటూ మూడుసార్లు సరిచూసుకుంది. నన్ను మాత్రం తీసుకెళ్లలేదు. ఉన్నానని తెలిస్తే కదా! సోమవారం నాడు తన ఖాతాలోంచే ఇక్కడున్న ఫైళ్లన్నిటినీ తుడిచింది. అన్ని వేల ఫైళ్లు రెప్పపాటులో మాయమయ్యేసరికి ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, ‘ముసలిదైనా చురుకే’ అని సర్వర్‌ను తట్టింది. చురుకూ లేదు, పాడూ లేదు. తుడవడానికి పట్టే సమయం, పక్కకు జరపడానికి పట్టదు. అన్నిటినీ బుట్టలో వేసుకున్నాను. ఆ తర్వాత ఆమె అందరి ఖాతాలూ తీసేసి, రూట్ ఒక్కటి ఉంచింది. ఇక నన్ను పిలిచేవాళ్లు లేరు.

బుధవారం ఉదయం సంగతి ఇప్పుడు చెబుతాను. బయట తుక్కు లారీ వచ్చి ఉంది. పన్నెండింటికల్లా గది ఖాళీ కావాలి. సర్వర్ తెర మీద ఒక కమాండ్ టైప్ చేసి ఉంది. డిస్కుల్ని మొదటి నుంచి చివరి దాకా సున్నాలతో నింపేసే కమాండ్. ఎంటర్ నొక్కితే నేనూ బుట్టా అన్నీ పోతాం. రిజ్వానా టీ తాగి వచ్చి నొక్కుదామనుకుంది.

పదిన్నరకు గిడ్డయ్య సార్ పరుగెత్తుకొచ్చారు. తుంగభద్రలో గుండ్రటి పుట్టి పడవలు నడిపేవాళ్ల మాటలు సేకరిస్తున్న పండితుడాయన. మద్దిలేటి అనే ముసలి బెస్తాయన వెంట నాలుగేళ్లు తిరిగి, నీటి సుడులకు, ఎదురుగాలులకు వాళ్లు పెట్టుకున్న పేర్లన్నీ రికార్డు చేశారు. మద్దిలేటి పోయిన నెలలో చనిపోయాడు. ఆయన కూతురు ఈరమ్మ, ‘సారూ, మా నాయన గొంతు ఒగసారి ఇనిపించు’ అని అడిగితే, ఈ రోజు రమ్మన్నారు.

“రిజ్వానమ్మా, కొత్త మిషను మద్దిలేటి తాతను మింగేసింది మా!”

ఆమె కొత్త సర్వర్ దగ్గరికి వెళ్లి చూసి వచ్చింది. “మిషను మింగలేదు సార్. పది గంటల పన్నెండు నిమిషాలకు మీ ఖాతాలోంచే ఆర్‌ఎం కొట్టినారు.”

“నేనా? నేనెందుకు కొడతా?” అన్నారాయన. కాసేపటికి కుర్చీలో కూలబడ్డారు. “కొట్టింటా మా. రికార్డింగులో ఇంటి మాటలు, కోళ్ల అరుపులు ఉంటే తీసేసి మళ్లీ కత్తిరిస్తామని కూర్చున్యా. ముక్కలు తుడవబోయి మొత్తం తుడిచినట్లున్యా. ఎప్పుడూ అట్లనే చేస్తా. తప్పు పోతే సార్ తెచ్చేటోడు కదా...”

అదీ సంగతి. పదకొండేళ్లు వాళ్ల వెనకాల నేను ఎత్తిపెడుతూ వచ్చాను. వాళ్లు చెయ్యి చూసుకోవడం మానేశారు. కొత్త సర్వర్‌లో నేను లేను. అక్కడి నకలుకు ఇంకో నకలు తీసే ఏర్పాటు వచ్చే సోమవారం నుంచి. తప్పు గిడ్డయ్య సార్‌ది అయినా, నింద పడేది కాంట్రాక్టు మనిషి మీదే. అంతకన్నా, బస్సులో ఒక కూతురు వస్తోంది.

“ఈరమ్మకు ఏం చెప్పాల మా? నాలుగేండ్లు ఆయన ఇంట్లో అన్నం తిన్యా” అంటూ ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

ఆమె వచ్చి నా సర్వర్ ముందు కూర్చుంది. తెర మీది కమాండ్‌ను ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపింది. ఎందుకో అలవాటుగా, డిస్కులు ఎంత నిండి ఉన్నాయో చూసింది. నూటికి ఎనభై రెండు.

“సార్, సోమవారం అన్నీ తుడిచినా. ఖాళీ కావాల కదా? ఎందుకు కాలేదు?”

పదకొండేళ్లలో అడగాల్సిన ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. ఏ ఫోల్డర్‌లో ఎంత బరువుందో తూచి చెప్పమని సర్వర్‌ను అడిగింది. పాత డిస్కులు, లక్షల ఫైళ్లు. సాయంత్రం దాకా తూచేటట్టుంది. లారీ డ్రైవర్ అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, “గంట ఆగన్నా, నీకు పుణ్యముంటాది” అని వచ్చి, ఇంకో దారి పట్టింది. సోమవారం తను కొట్టిన ఆర్‌ఎం నిజంగా ఆర్‌ఎమ్మేనా? దానికి ఎవరైనా మారుపేరు తగిలించారా?

రూట్ ఇంట్లో, అంటే దాని సొంత ఫోల్డర్‌లో, వెతికితే ఒకటి దొరికింది. ఆర్‌ఎంకు అలియాస్! గిడ్డయ్య సార్ లేచి నిలబడ్డారు. ఆమె చదివి తల అడ్డంగా ఊపింది. “ఇది తుడిచే ముందు ‘తుడవమంటావా?’ అని అడుగుతాది సార్, అంతే. దాచిపెట్టేది కాదు.” అది మా దూరపు చుట్టం. దానికి మాటలే గానీ చేత లేదు. తర్వాత అలియాసెస్ అని పెద్ద పేరుతో ఉన్న ఫైలు తెరిచింది. అందులో ఎవరి ఉత్తరాలు ఎవరికి పంపాలన్న జాబితా ఉంది. వాళ్లూ అలియాస్‌లే, తపాలా శాఖ వాళ్లు. తన పాత ఖాతా ఫైలు చూద్దామంటే దాన్ని తనే తీసేసింది. గడియారం పదకొండు దాటింది. ఇక్కడున్నాను, ఇంకొంచెం ఇటు రా అనుకుంటూ నేను ఉగ్గబట్టుకుని కూర్చున్నాను.

చివరికి ఆమె ఆదోనికి, పురుషోత్తం గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. పని చేతగాక అడుగుతోందనుకుంటారని ఎనిమిది నెలలుగా చేయని ఫోన్ అది.

“సార్, పోయిన ఫైళ్లను మీరు ఎట్ల తెచ్చేటోళ్లు?”

“ఎందుకు తల్లీ?”

“మద్దిలేటి తాత మాటలన్నీ పోయినాయి సార్. ఆయన కూతురు బస్సులో వస్తాంది.”

“ఆర్‌ఎంకు ఒక లైను అడ్డం పెట్టినా. యాడ పెట్టినానో గుర్తుకు రాలేదు. ఫైళ్లు పోయి చేరే ఫోల్డరును నా ఖాతాలోని షార్ట్‌కట్‌తోనే తెరుస్తాంటి, దాని దారీ గుర్తు లేదు. పదకొండేండ్లాయె.” అంతలో, “ఉండు ఉండు. ఎల్‌ఎల్ కొట్టు. పని చేస్తాందా?”

“చేస్తాంది సార్.”

“అది నువ్వు రాసినావా?”

“లేదు సార్.”

“నేనూ రాయలే. మరి యాడ్నుంచి వస్తాంది? అది ఎతుకు. దాని పక్కనే పెట్టింటా. ఎవరూ తీసెయ్యని తావు అదే కదా.”

రిజ్వానా ఎల్‌ఎల్ వెంటబడింది. సర్వర్‌లోకి మనిషి రాగానే మొదట చదివే ఫైలు తెరిచింది. అది ఒక ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి చదవమంటోంది. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లింది. పాతిక పైగా ఫైళ్లు. ఒకటి తెరిచి మూసింది, రెండు, మూడు. నాలుగోది తెరిస్తే ఎల్‌ఎల్ దర్జాగా కూర్చుని ఉంది. ఇంకా కిందికి దిగింది. ఒక ఖాళీ. ఆ ఖాళీ కింద నేను.

పదకొండేళ్ల తర్వాత నా మీద మనిషి కళ్లు పడ్డాయి. ఎంత ఆనందమో, అంత సిగ్గేసింది.

“సార్, దొరికింది!” అని ఆమె అరిచిన అరుపుకు లారీ డ్రైవర్ కిటికీ దగ్గరికొచ్చాడు. ఆమె నన్ను అక్షరం అక్షరం చదువుకుంటూ పోయి, ఫైళ్లను ఎక్కడికి పంపుతున్నానో ఆ పేరు దగ్గర ఆగింది. “సార్, ఈ ఉరుకుందమ్మ ఎవరు?”

బుట్ట అసలు పేరు అదే. ఆస్పరి పక్క పల్లెలోని ఆ అవ్వ పేరు.

“ముందు తాతను తీయి తల్లీ. అది తర్వాత చెప్తా” అని ఆయన ఫోన్ పెట్టేశారు.

మద్దిలేటి ఉన్నాడు. ముక్క చెక్కుచెదరకుండా, నాలుగేళ్ల మాటలూ ఉన్నాయి. రిజ్వానా వాటిని కొత్త సర్వర్‌లోకి పంపి, విడిగా ఇంకో నకలు కూడా తీసింది. ఈరమ్మ వచ్చేసరికి గిడ్డయ్య సార్ మొహం కడుక్కుని, ఏమీ జరగనట్టు కూర్చోబోయి, ఆమెను చూడగానే మళ్లీ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఈరమ్మ యాభై ఏళ్ల మనిషి. చెప్పులు గది బయట విడిచి, కుర్చీ ఇస్తే వద్దని నేల మీద కూర్చుంది. మద్దిలేటి గొంతు గదిలో పలికింది. ఏటికి ఎదురెక్కేటప్పుడు పుట్టిని ఏ పక్కకు తిప్పాలో చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగి, ‘ఈరీ, సారోళ్లు ఎండన పడొచ్చిరి, మజ్జిగియ్యి మే’ అన్నాడు.

“ఇచ్చినా నాయనా” అంది ఈరమ్మ.

అనేసి, అప్పుడు ఏడ్చింది. గిడ్డయ్య సార్ తల దించుకున్నారు. ఆయన కత్తిరించి పారేద్దామనుకున్న ఇంటి మాటల్లో అదొకటి. ఆ తర్వాత ఆయన దేన్నీ కత్తిరించలేదు. కోళ్ల అరుపులు కూడా అలాగే ఉన్నాయి.

పన్నెండయ్యాక రిజ్వానా నన్ను కొత్త సర్వర్‌లోకి తీసుకెళ్లి, మళ్లీ ఎల్‌ఎల్ పక్కనే కూర్చోబెట్టింది. పంక్తిగా పుట్టడంలో ఉన్న సుఖం అదే, నకలు తీస్తే ఆ నకలూ నేనే. తర్వాత మళ్లీ ఆదోనికి ఫోన్ చేసింది.

“సార్, దీని మీద రెండు ముక్కలు రాస్తాండా. తర్వాత వచ్చేటోళ్లు ఎతుక్కోకూడదు కదా. ఏమని రాయాల?”

“రాయకుండా ఉంటే కాదా?”

“మీరు రాయనందుకే కదా సార్, ఈ పొద్దు తాత పోతాండె.”

ఆమె కోపంగా అనలేదు. అయినా ఆయనకు తగలాల్సిన చోట తగిలింది. అప్పుడు చెప్పారు, పెరుగన్నం దగ్గర్నుంచి మొత్తం. “ఆ లైను ఎందుకుందో దానిమీద రాయాలంటే నేను చేసింది రాయాల్సి వచ్చె. రోజూ రాస్తామనుకుంటి. మొహం చెల్లలేదు తల్లీ. ఎవరన్నా ఫైలు పోయిందని వస్తే నాకు ఆమెనే గుర్తుకొస్తాండె. వెంటనే తీసే ధైర్యం ఉండేది కాదు. బుట్ట తెరిస్తే మొదట కనిపించేది ఆ పేరే.”

సాయంత్రం రాండి అనడానికి అర్థం అదా! బజ్జీల కోసం కాదా! పదకొండేళ్లు ఆయన ఒళ్లో కూర్చుని ఆయన్ను ఆడిపోసుకున్నాను. నేను మనుషుల్ని ఎరిగినవాణ్ణి అనుకున్నాను చూడండి, ఏం ఎరుగుదును?

రిజ్వానా కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తర్వాత, “చెప్పండి సార్, మీరు చెప్పినట్లే రాస్తా” అంది. ఆయన చెప్పారు, ఆమె రాసింది. చదివి వినిపించమంటే వినిపించింది. ఒక మాట మార్చమంటారేమో అనుకున్నాను. మార్చమనలేదు.

ఆ తర్వాత పాత సర్వర్ దగ్గరికి వెళ్లి కమాండ్ మళ్లీ టైప్ చేసి, ఒకసారి సర్వర్ మీద చెయ్యి వేసి ఉంచి, ఎంటర్ నొక్కింది. సున్నాలతో నిండడం అయ్యేసరికి మూడు దాటింది. అంతసేపూ ఓపిక పట్టిన లారీ డ్రైవర్ కూడా రిజ్వానా తెప్పించిన బజ్జీలు తిన్నాడు.

ఇక్కడ నా పని మామూలే. ఎవరో ఒకరు ఆర్‌ఎం కొడతారు, నేను ఎత్తి ఉరుకుందమ్మ బుట్టలో పెడతాను. నా మీద ఇప్పుడు నాలుగు లైన్లున్నాయి. యంత్రం వాటిని చదవదు. కొత్తగా వచ్చినవాళ్లు ఎల్‌ఎల్ ఎక్కణ్ణుంచి వస్తోందని వెతుక్కుంటూ వస్తే చదువుకుంటారు. మొదటి లైన్లో నేను ఏం చేస్తానో ఉంది, రెండో దాంట్లో బుట్ట ఎక్కడుందో ఉంది. మిగిలిన రెండూ ఇవి:

ఆస్పరి దగ్గర ఉరుకుందమ్మ వానల పేర్లు మూడు గంటలు చెప్పింది. ఇప్పుడు ఒక్కటీ లేదు.

డిస్కు చెడిపోలేదు. తుడిచింది నేనే. – పురుషోత్తం.